తక్కువతో ఫొటో – ఐదో పాఠం: ఖాళీకి పని పెట్టడం

నాలుగో పాఠంలో తీసేయడం నేర్చుకున్నాం. కరెంటు తీగ, పక్కింటి డాబా, మూలలోంచి తొంగిచూసే కొబ్బరిమట్ట, ఒక్కొక్కదాన్నీ ఫ్రేములోంచి బయటికి పంపాం. ఆ అభ్యాసం శ్రద్ధగా చేసినవాళ్ల దగ్గర ఈపాటికి శుభ్రమైన ఫొటోలు చాలానే చేరి ఉంటాయి. తెల్లటి ఆకాశం, మధ్యలో తాటిచెట్టు. బూడిదరంగు నీళ్లు, మధ్యలో పడవ కట్టే గెడ. వంక పెట్టడానికి ఏమీ ఉండదు. అయినా కన్ను ఒక్కసారి చూసి దాటిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. సంతనో తీర్థాన్నో ఫొటో తీస్తే అందులో ఒకటి కాకపోతే ఇంకొకటి కన్నును పట్టుకుంటుంది. ఒకే ఒక్క వస్తువు పెట్టుకున్న ఫొటోకి ఆ వెసులుబాటు లేదు. ఉన్న ఒక్కటీ పనిచేయాలి, దాని చుట్టూ వదిలిన ఖాళీ కూడా పనిచేయాలి. వస్తువు గురించి అందరూ ఆలోచిస్తారు. ఖాళీ గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ఆ ఖాళీ దూరాన్ని చెప్పగలదు, గాలిని చెప్పగలదు, మనిషి ఇంకా ఎంత నడవాలో చెప్పగలదు. ఏదీ చెప్పకపోతే అది ఉత్త చోటు.

మీ ఫొటోలో ఖాళీ పనిచేస్తోందో లేదో ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు. ముందు బొటనవేలితో వస్తువును మూసేయండి. మిగిలింది అంతే బాగుందనిపిస్తే ఆ వస్తువు అక్కడ ఊరికే ఉంది. తర్వాత వేలు తీసి, క్రాప్ చేసి ఖాళీని సగానికి కోయండి. ఫొటోలో పెద్దగా తేడా లేకపోతే మీరు వదిలిన చోటు ఎక్కువైంది. కోయగానే ఇరుకైపోయి, చెప్పాల్సిందేదో తెగిపోయినట్టుంటే ఆ ఖాళీ అక్కడ అవసరమే.

కోటిపల్లి రేవు సంగతి తీసుకుందాం. అక్కడ గోదావరి పాయ గౌతమి వెడల్పుగా ఉంటుంది, అవతలి ఒడ్డున ముక్తేశ్వరం వైపు చెట్లు సన్నటి గీతలా కనపడతాయి. మధ్యలో ఒక మనిషి గెడ వేసుకుంటూ చిన్న పడవ మీద వెళ్తున్నాడనుకోండి. పడవను సరిగ్గా మధ్యలో పెడితే ‘నదిలో పడవ’ అన్న సమాచారం మాత్రమే వస్తుంది. ఫ్రేముకి ఎడమ అంచుకు దగ్గరగా పెట్టి, పడవ వెళ్లే కుడివైపు నీళ్లన్నీ వదిలితే అతను ఇంకా దాటాల్సిన ఏరు కనపడుతుంది. అదే పడవను కుడి అంచుకు జరిపి వెనక నీళ్లు వదిలితే దాటి వచ్చిన ఏరు కనపడుతుంది. పడవ అదే, నీళ్లూ అవే, కథ మాత్రం మారిపోయింది. ముందు ఖాళీ వదలాలన్నది చాలామంది చెప్పే నియమం. నాకైతే అలసిపోయి ఒడ్డుకు చేరుతున్న మనిషి వెనక వదిలిన నీళ్లే ఎక్కువ ఇష్టం. ఏది వదలాలో మీరు చూస్తున్న మనిషిని బట్టి తేల్చుకోండి.

ఇక వస్తువు ఎంత చిన్నగా ఉండాలి? కొలత చెప్పలేను కానీ ఒక హద్దు చెప్పగలను. ఫొటోను గ్యాలరీలో చిన్న గడిగా చూసినప్పుడు కూడా అది మనిషో కొంగో తెలియాలి. ఆకారం తెలియనంత చిన్నదైతే చుక్కగా మిగిలిపోతుంది. అందుకే రూపం స్పష్టంగా ఉన్న క్షణం కోసం ఆగాలి. కొంగ మెడ చాచినప్పుడు, మనిషి అడుగు వేస్తుండగా రెండు కాళ్ల మధ్య వెలుతురు కనపడినప్పుడు, నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటున్నప్పుడు నొక్కండి. కాళ్లు కలిసిపోయిన మనిషి దూరం నుంచి స్తంభంలా కనపడతాడు.

గోదావరి డెల్టాలో మనకున్న గొప్ప ఖాళీ చేలల్లోని నీళ్లు. సార్వాకి, అంటే తొలి పంటకి, వానలు పడ్డాక ఒకసారి, దాళ్వాకి, అంటే రెండో పంటకి, డిసెంబరు, జనవరి నెలల్లో ఒకసారి దమ్ము చేసి నీళ్లు పెడతారు. ఆకుమడిలోంచి నారు వచ్చి ఊడ్పులు పడేదాకా ఎకరాలకు ఎకరాలు ఆకాశం కిందికి దిగి ఉంటుంది. ఊడ్చాక కూడా పైరు కమ్ముకునే వరకు నీళ్ల మీద పచ్చటి చుక్కల వరసలు ఉంటాయి. ఇదంతా కొద్ది వారాల ముచ్చట, కాబట్టి వాయిదా వేయకండి. తెల్లారగట్ల గాలి ఆగి ఉన్నప్పుడు వెళ్లండి. ఎండ ముదిరాక సన్నటి అలలు లేచి ప్రతిబింబం చెదిరిపోతుంది.

ఇక్కడ కెమెరా ఎత్తు చాలా ముఖ్యం. గట్టు మీద నిలబడి కిందికి చూస్తే నీటి అడుగునున్న బురద కనపడుతుంది. అదే గట్టు మీద గొంతుక్కూచుని, కెమెరాను నీటిమట్టానికి దగ్గరగా దించితే బురద మాయమై ఆకాశం వస్తుంది. చూపు ఎంత వాలుగా ఉంటే నీరు అంత ఎక్కువ వెలుగును వెనక్కి పంపుతుంది, కారణం అదే. కెమెరాకు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఈ పనికి తీసేయండి. అది ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్, ఇక్కడ మనకు కావలసింది ఆ ప్రతిబింబమే.

మన నేలతో ఒక చిక్కు ఉంది. అంతా పల్లం కాబట్టి ఎటు చూసినా దూరాన కొబ్బరితోటల వరస, దాని మీద సెల్ టవర్, దాని పక్కన స్తంభాలు. వస్తువు ఆ గజిబిజి మీద పడితే ఫొటో పాడైనట్టే. దారులు రెండున్నాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకటి, బాగా కిందికి దిగడం. దగ్గరలో ఉన్న మనిషి తల, భుజాలు చెట్ల వరసను దాటి ఆకాశంలోకి వస్తాయి. రెండోది, పైకెక్కడం. ఏటిగట్టు మీద నుంచో, వంతెన మీద నుంచో చూస్తే పడవ పూర్తిగా నీళ్ల మీదే పడుతుంది, దిగంతం ఫ్రేములోకే రాదు. నిలబడిన ఎత్తులో నిలబడినట్టే తీసే ఫొటోకి ఈ రెండు లాభాల్లో ఏదీ దక్కదు. అప్పటికీ స్తంభం ఒకటి అడ్డొస్తుంటే నాలుగడుగులు పక్కకు నడవండి. అది తాటిచెట్టు వెనక్కి పోయి దాక్కోవచ్చు.

లెన్స్ విషయంలో ఖాళీ ఎక్కువ కావాలంటే వైడ్ లెన్స్ వాడాలని కొత్తవాళ్లు అనుకుంటారు. వైడ్ లెన్స్ ఆకాశంతో పాటు ఊరినంతా లోపలికి తెస్తుంది. కొంచెం దూరం నుంచి జూమ్ చేసి తీస్తే వెనక కనపడే మేర తగ్గుతుంది, నిర్మలమైన ముక్క దొరుకుతుంది. ఫోన్‌లో అయితే నిజంగా లెన్స్ ఉన్న రెండు, మూడు రెట్ల జూమ్ వరకే వెళ్లండి. ఆపైన ఫోన్ ఉన్నదాన్నే సాగదీస్తుంది, ఖాళీ ఆకాశంలో మరకలు మొదట కనపడేది అప్పుడే.

పొగమంచు రోజుల్లో ఇంకో జాగ్రత్త. ఎదురుగా ఏది పెట్టినా కెమెరా దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. అందుకే ధనుర్మాసం తెల్లవారుజామున పాలలా తెల్లగా ఉన్న ఏరు ఫొటోలో మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, అవసరమైతే ఒకటిన్నర పెంచండి. ఫోన్‌లో తెర నొక్కగానే వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే చాలు. పొద్దుపోయే వేళ నల్లటి ఆకారాలు కావాలంటే దీనికి తిరగేసి చేయండి. ఆకాశం మీద నొక్కి, వెలుతురు తగ్గించండి.

మంచు ఖాళీకి లోతు కూడా ఇస్తుంది. రాజమండ్రిలో 28 ఆర్చీల రైలు వంతెనను చాలామంది మొత్తం ఇరికించాలని చూస్తారు. అలా తీస్తే వంతెన కొలత తెలుస్తుంది, అంతే. మంచు పట్టిన ఉదయం ఘాట్ మెట్ల మీద నుంచి చూస్తే దగ్గరి ఆర్చీ ముదురుగా, తర్వాతిది పలచగా, ఆపైది ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. ఆ రెండు మూడు ఆర్చీలే తీసుకుని, అవి కరిగిపోయే వైపు సగం ఫ్రేము వదిలేయండి. మిగతా వంతెనను చూసేవాళ్లు తమ మనసులో కట్టుకుంటారు. ధవళేశ్వరం దిగువన పొలాల్లోకి వస్తే ఇంకో రకం ఆసరా దొరుకుతుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతో పాటు పెరిగిన కాలువల వ్యవస్థ ఈ నేల మీద తిన్నటి గీతలు గీసింది. గట్టు, కాలువ, బోదె, లాకు తలుపు, అన్నీ గీతలే. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే దారాలు కూడా ఎదురువెలుతురులో అందంగా వస్తాయి. ఒక్క గీత, దాని మీద ఒక్క ప్రాణి చాలు.

దిగంతం గీత మధ్యలో ఉండకూడదని, మూడో వంతు దగ్గరే ఉండాలని విని ఉంటారు. జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోతో 1980 నుంచి సముద్రాలను తీస్తూ వచ్చిన నలుపు తెలుపు ఫొటోల్లో దిగంతం సరిగ్గా మధ్యలో ఉంటుంది. కింద సగం నీళ్లు, పైన సగం ఆకాశం, ఇంకేమీ లేదు. రెండింటికీ సమానమైన బరువు ఉంది కాబట్టే ఆ గీత అక్కడ నిలబడింది. అంతర్వేది దగ్గర పాటు వేళ నీళ్లు తీసిన ఇసుక మీద ఆకాశం తడిగా మెరుస్తుంటే మీరూ ప్రయత్నించండి. పైనా కిందా ఒకే వెలుతురు ఉంటే మధ్యగీత పనిచేస్తుంది. ఆకాశం వెలవెలబోతూ, ఇసుక మీద గీతలు బాగుంటే గీతను పైకి నెట్టేయండి.

షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి నీళ్లను పాలమీగడలా నున్నగా చూపించే లాంగ్ ఎక్స్‌పోజర్ గురించి చాలామంది అడుగుతున్నారు. లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 30వ వంతు సరిపోయే చోట దాదాపు 34 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచొచ్చు. ట్రైపాడ్ తప్పనిసరి. రేవులో పాతిన గుంజలు కదలవు, చుట్టూ నీళ్లు నునుపవుతాయి. జనాన్ని, బళ్లను దాటించే పంటు వచ్చిపోయే రేవులో అలల గందరగోళం మాయమవుతుంది కాబట్టి అక్కడ ఇది చక్కగా పనికొస్తుంది. కానీ ప్రతి నీటికీ వాడకండి. వరద రోజుల్లో గోదావరి ఎర్రగా సుడులు తిరుగుతూ వస్తుంది. ఆ సుడులను నునుపు చేస్తే నది చెబుతున్న మాటే చెరిగిపోతుంది. వరదను సెకనులో 500వ వంతు వేగంతో, గట్టు మీద భద్రమైన చోట నిలబడి తీయండి.

ఫోన్లలో ఇప్పుడు తీగల్ని, స్తంభాల్ని వేలితో రుద్ది చెరిపేసే సౌకర్యం వచ్చింది. ఈ పాఠాలు పూర్తయ్యేవరకు దాని జోలికి వెళ్లొద్దని నా మనవి. చెరిపేయొచ్చన్న ధీమా ఉంటే కాలు కదలదు. నాలుగడుగులు పక్కకు వేసినప్పుడు దొరికే కొత్త కోణం చెరపడంతో దొరకదు.

చేలల్లో, రేవుల్లో మనుషుల్ని తీసేటప్పుడు అడగండి. ‘బాబాయ్, ఒక ఫొటో తీసుకోనా’ అంటే ‘ఆయ్, తీసుకోండి’ అనేవాళ్లే ఎక్కువ. అడగ్గానే చాలామంది పని ఆపి, చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ ఫొటో కూడా తీసి, వాళ్లకు చూపించి, పంపిస్తానంటే తప్పకుండా పంపండి. తర్వాత కాసేపు అక్కడే కూచోండి. వాళ్లు మళ్లీ పనిలో పడతారు, పార భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తారు. మీకు కావలసిన నడక అప్పుడు వస్తుంది. వద్దన్నవాళ్లను దూరం నుంచి జూమ్ చేసి తీయడం మాత్రం చేయకండి.

ఈ వారం అభ్యాసం ఒక్కటే, కానీ ఓపిక కావాలి. ఇంటికి దగ్గర్లో ఒక చోటు ఎంచుకోండి. కాలువ గట్టు, చెరువు, నీళ్లు పెట్టిన చేను, ఏదైనా సరే. అక్కడ కదలని వస్తువు ఒకటి చూసుకోండి: గుంజ, తాటిచెట్టు, తూము. దాన్ని అలాగే ఉంచి ఖాళీని మాత్రం మార్చండి. ఒకసారి ఖాళీ అంతా కుడివైపు, ఒకసారి అంతా పైన, ఒకసారి అంతా కింద. వెలుతురు మారాక, అంటే తెల్లవారుజామున తీసినవాళ్లు సాయంత్రం, మళ్లీ అదే చోట అవే తీయండి. అన్నిటికీ బొటనవేలి పరీక్ష, కోత పరీక్ష పెట్టి, నిలిచినవి విడిగా దాచండి. ఒక్కటీ నిలవకపోతే వస్తువు మార్చకుండా చోటు మార్చండి. అదే రకం తాటిచెట్టు ఇంకో గట్టు మీద, ఇంకో ఆకాశం కింద వేరే మాట చెప్పవచ్చు.

పోయినవాటిని కూడా డిలీట్ చేయకండి. ఆరో పాఠంలో రంగు సంగతి చూస్తాం. ఏ ఫొటోకి రంగు ఉంచాలి, ఏది నలుపు తెలుపులోకి మార్చాలి అన్నది ఈ వారం తీసినవాటి మీదే చేయబోతున్నాం.