నిద్ర పట్టదు, ఆందోళన తగ్గదు: ఏ మూలిక ఎవరికి సరిపడుతుంది?

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వైపు మూలికల కొట్టులో అడిగినా, ఇంటి పక్కన మందుల షాపులో అడిగినా, నిద్ర పట్టడానికి మొదట వినబడే పేరు అశ్వగంధ. అది మంచి మూలికే. కానీ పడుకుని గంటన్నర గడిచినా రెప్ప వాలని మనిషికీ, పదింటికే నిద్రపోయి తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునే మనిషికీ, రాత్రి షిఫ్టు దిగి ఎండెక్కాక పడుకునే కార్మికుడికీ కారణాలు వేరు కనుక, ఒకే డబ్బా ముగ్గురికీ పనిచేయాలనుకోవడం సరికాదు. నిద్ర ఎక్కడ తెగుతోందో ముందు గమనించి, దానికి తగిన కారణాన్ని వెతికి, ఆ తరువాతే మూలికను ఎంచుకోవాలి.

మూలికతో పోని నిద్రలేమి

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు మూలికల జోలికి పోకుండా ముందు పరీక్ష చేయించుకోవాలి. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. మత్తు కలిగించే మూలికలు ఆ జబ్బును ఇంకా పెంచగలవు. నిద్రలేమితో పాటు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో చూడాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే అలాంటివారికి అశ్వగంధ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి, కదిపితే గానీ ఊరట కలగనివారు రక్తంలో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాలి.

కాఫీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అరకు కాఫీ పండే కొండలు దగ్గరలోనే ఉన్న ఊరు కనుక సాయంత్రం ఫిల్టర్ కాఫీ మానమంటే ఎవరికీ నచ్చదు. అయినా కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానేసి రెండు వారాలు చూసినవారిలో కొందరికి మూలిక అవసరమే ఉండదు.

లక్షణం: ఒళ్లు అలసినా ఆలోచనలు ఆగవు, నిద్ర పట్టడానికే గంట దాటుతుంది

పగలంతా మెడ, భుజాలు బిగుసుకుపోవడం, చిన్న విషయానికే కంగారు పడటం, రేపటి పనులు పక్క మీద వరుసగా గుర్తుకు రావడం దీనికి తోడుగా ఉంటాయి. ఆయుర్వేద వైద్యులు దీన్ని వాతం పెరిగిన స్థితిగా చెబుతారు. మనం ఆందోళన అని పిలిచేదే ఇది. అశ్వగంధకు సరైన చోటు ఇదే.

తెలుగులో పెన్నేరు అనే ఈ మొక్క వేరును చూర్ణం చేసి వాడతారు. మామూలు మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. తలగొట్టిన ఒక టీ చెంచా పొడి దాదాపు 3 గ్రాములు తూగుతుంది. వేడి పాలలో నేరుగా వేస్తే పైన ఉండలు కట్టి తేలుతుంది కనుక, ముందు రెండు చెంచాల గోరువెచ్చని పాలలో ముద్దలా కలిపి, మిగిలిన పాలు తరువాత పోసుకోవాలి. గుర్రపు శాలను గుర్తుచేసే ఆ వాసన పడనివారు సారంతో చేసిన గుళికలు వాడుకోవచ్చు. వాటి మోతాదు వేరు, సాధారణంగా రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాములు. చూర్ణం కొలతను గుళికలకు గానీ, గుళికల కొలతను చూర్ణానికి గానీ అన్వయించకూడదు.

ఇది నిద్రమాత్ర కాదు. నిద్రపై అశ్వగంధ ప్రభావం గురించి 2021లో వెలువడిన ఒక సమీక్ష 5 ప్రయోగాలను, మొత్తం 400 మందిని పరిశీలించింది. మేలు ఉన్నా అది స్వల్పమేననీ, నిద్రలేమి నిర్ధారణ అయినవారిలో, రోజుకు 600 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి తీసుకున్నప్పుడు, కనీసం 8 వారాలు వాడినప్పుడు అది స్పష్టంగా కనిపించిందనీ ఆ సమీక్ష తేల్చింది. మూడు రోజులు వేసుకుని పనిచేయలేదని డబ్బా పక్కన పెట్టేవారు చాలామంది; వారు మూలికను పరీక్షించనే లేదు.

కొనేటప్పుడు వేరు చూర్ణమేనా అని చూడాలి. ఆకులు వాడవద్దనీ, వేరునే వాడాలనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. లేబుల్ మీద తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ లేని విడి పొడిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకపోవడం మేలు. అశ్వగంధారిష్టం వేరే సంగతి: అది పులియబెట్టి చేసేది, అందులో తనంతట పుట్టిన ఆల్కహాలూ తీపీ ఉంటాయి కనుక మధుమేహం ఉన్నవారికీ, మద్యం మానినవారికీ అది తగదు.

లక్షణం: నిద్ర పడుతుంది, కానీ రెండు మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టదు

ముందు మామూలు కారణాలను తీసివేయాలి: రాత్రి తాగిన మద్యం దిగిపోయేటప్పుడు వచ్చే మెలకువ, మధుమేహ మాత్రలు వేసుకునేవారిలో తెల్లవారుజామున చక్కెర పడిపోవడం, మూత్రానికి లేవడం, మే నెల ఉక్కపోతలో చెమటకు తడిసిన పరుపు. ఇవేవీ కాకుండా, మెలకువతో పాటు పొద్దున్నే మనసు బరువుగా ఉండి, మధ్యాహ్నానికి కాస్త తేలికపడుతూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మూలిక కోసం కాలయాపన చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి.

ఇక కలత నిద్రకు సంప్రదాయంలో పేరున్నది జటామాంసి. ఇది హిమాలయాల్లో చాలా ఎత్తున పెరిగే మొక్క వేరుదుంప. నారలా గోధుమరంగు వెంట్రుకలు చుట్టుకుని ఉంటుంది, ఘాటైన వాసన వస్తుంది. అడవిలో విపరీతంగా తవ్వి తీసినందువల్ల ఈ మొక్క అంతరించే స్థితికి చేరింది, దాని వ్యాపారంపై అంతర్జాతీయ నియంత్రణ ఉంది. ఖరీదు ఎక్కువ కావడంతో కల్తీ కూడా ఎక్కువే. వైద్యుడు ప్రత్యేకంగా రాస్తే తప్ప దీన్ని మొదటి ఎంపికగా తీసుకోనక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికన్నా సులువైనవి ఇంట్లోనే ఉన్నాయి. నిద్ర పట్టించే వాటిలో గేదె పాలు శ్రేష్ఠమని చరక సంహిత చెబుతుంది. అరగ్లాసు గోరువెచ్చని గేదె పాలు, పడుకోబోయే ముందు అరికాళ్లకు నువ్వుల నూనె మర్దన, ఈ రెండూ హాని లేని ప్రయత్నాలు. పాలలో జాజికాయ పొడి వేసుకునేవారు చిటికెడుతో ఆగాలి. చెంచా లెక్కన వేస్తే దడ, వికారం, భ్రమలు కలిగించే విషం అది.

లక్షణం: పరీక్షల కంగారు, చదివింది నిలవకపోవడం, అందువల్ల నిద్ర తక్కువ

ఇంటర్మీడియట్ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. ఇక్కడ బ్రాహ్మి పేరు వినిపిస్తుంది, కానీ బ్రాహ్మి అని అమ్మేది ఏ మొక్కో తెలుసుకోవాలి. తడి నేలల్లో పాకే, చిన్న దళసరి ఆకుల మొక్క ఒకటి. మనం సరస్వతి ఆకు అనే గుండ్రటి ఆకుల మండూకపర్ణి ఇంకొకటి. రెండూ బ్రాహ్మి పేరుతోనే చెలామణి అవుతాయి. మొదటిది జ్ఞాపకశక్తికి పనిచేస్తుందా అని చూసిన పరిశోధనలు ఎక్కువగా 12 వారాల పాటు సాగాయి కనుక, పరీక్ష నాలుగు రోజుల్లో ఉందని మొదలుపెట్టడం వృథా. ఖాళీ కడుపున వేస్తే వికారం, నీళ్ల విరేచనాలు పట్టుకోవచ్చు; భోజనం తరువాతే ఇవ్వాలి. పన్నెండింటి వరకు ఫోను, ఐదింటికి అలారం అన్న పద్ధతి మారకుండా ఏ ఆకూ పిల్లవాడికి నిద్ర తేలేదు.

జ్ఞాపకశక్తి కోసం వాడే మరో మూలిక శంఖపుష్పి విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవారు శంఖపుష్పి సిరప్ తాగితే రక్తంలో ఆ మందు మోతాదు పడిపోయి, ఆగిన ఫిట్స్ తిరిగి రావచ్చు.

లక్షణం: షిఫ్టు మారిన ప్రతిసారీ నిద్ర చెడుతుంది

ఉక్కునగరంలో, పరవాడ మందుల కంపెనీల్లో, రుషికొండ ఐటీ కార్యాలయాల్లో రాత్రి పనిచేసేవారి సమస్య ఒంటి గడియారానిది; దాన్ని మూలిక తిప్పలేదు. ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, గదికి మందపాటి తెరలు, సెలవు రోజున కూడా నిద్ర వేళను మరీ మార్చకపోవడం, ఇవే పనిచేస్తాయి. మత్తు కలిగించే తగర అనే మూలిక వేరు వల్ల కొందరికి నిద్ర తొందరగా పడుతుంది గానీ, మరునాటి మగతతో యంత్రం దగ్గర నిలబడటం, బండి నడపడం ప్రమాదం.

లక్షణం: మూలిక మొదలుపెట్టాక కొత్త బాధలు

పగలు మగత వస్తే మోతాదు ఎక్కువైందని గానీ, వేరే మత్తు మందుతో కలిసిందని గానీ అర్థం. నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు వాడేవారు వాటితో అశ్వగంధ, తగర, జటామాంసి కలపకూడదు. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగి, ఒళ్లంతా దురద పెడితే అశ్వగంధను ఆ క్షణమే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. ఇది అరుదు గానీ నమోదైన విషయమే. దడ కొత్తగా మొదలైనా ఆపి థైరాయిడ్ చూపించుకోవాలి. రెండు మూడు మూలికలు ఒకేసారి మొదలుపెట్టినవారికి ఏది మేలు చేసిందో, ఏది బాధ తెచ్చిందో తేల్చే దారి ఉండదు కనుక, ఒకసారి ఒక్కటే మొదలుపెట్టాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిలో దేన్నీ సొంతంగా వాడకూడదు. రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ మాత్రలు, అవయవ మార్పిడి తరువాతి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా అశ్వగంధ మొదలుపెట్టరాదు; శస్త్రచికిత్సకు రెండు వారాల ముందే ఆపాలి. ఎవరైనా సర్పగంధ సూచిస్తే వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒప్పుకోకూడదు. దానిలోని రెసర్పిన్ రక్తపోటును దించే అసలైన మందు, కొందరిలో తీవ్రమైన దిగులును కూడా తెస్తుంది.

వారానికి మూడు రాత్రులకు పైగా, మూడు నెలలుగా నిద్ర చెడుతున్నవారికి మాత్ర కన్నా ముందు ఇవ్వాల్సింది నిద్రలేమికి ప్రత్యేకించిన మాటల చికిత్స అని ఆధునిక వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆందోళన భరించలేనంతగా ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వెళ్లినా, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లినా, వాడుతున్న మూలిక సీసాను వెంట తీసుకెళ్లి లేబుల్‌తో సహా డాక్టరు ముందు పెట్టాలి, ఎందుకంటే ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు ఆయుర్వేదం మందే కదా అని చాలామంది దాన్ని లెక్కలో చెప్పరు.