వించెస్టర్ మోడల్ 12లో జతకాని భాగాలను గుర్తించడం

అమెరికాలో 1912లో వచ్చిన వించెస్టర్ మోడల్ 12 పంప్ తుపాకీలో (ముందు పట్టును వెనక్కీ ముందుకూ లాగి తూటా ఎక్కించే షాట్‌గన్) బ్యారెల్, తూటాలు నిలవ ఉండే మ్యాగజీన్ గొట్టంతో కలిసి రిసీవర్ (పేల్చే యంత్రాంగం ఉండే ప్రధాన భాగం) నుంచి విడివడుతుంది కనుక, దశాబ్దాల వాడకంలో ఒక తుపాకీ ముందు భాగం మరొకదానికి చేరిపోవడం అరుదేమీ కాదు. పరిశీలనకు ముందు మ్యాగజీన్ గొట్టంలోనూ, తూటా పేలే గది అయిన ఛాంబర్‌లోనూ తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి.

మొదట చూడవలసింది సీరియల్ నంబరు. అది రిసీవర్ అడుగున ముందు అంచు వద్ద ఒకసారి, దానికి ఆనుకుని బ్యారెల్ వైపున ఉండే భాగం అడుగున మరొకసారి చెక్కి ఉంటుంది. రెండూ కలవకపోతే ముందు భాగం వేరే తుపాకీదని దాదాపు ఖాయం. నంబర్లు కలిసినా అంకెల పరిమాణమూ లోతూ పోల్చాలి, ఎందుకంటే అరగదీసి మళ్లీ కొట్టిన నంబర్లూ కనిపిస్తాయి.

తర్వాత బ్యారెల్ మీది రాత. తొలినాళ్లలో ‘మోడల్ 1912’ అని ఉన్న పేరు 1919లో ‘మోడల్ 12’గా మారింది కాబట్టి, అంతకు చాలా ముందరి నంబరున్న రిసీవర్‌పై కొత్త పేరున్న బ్యారెల్ ఉంటే అనుమానించాలి. డబ్ల్యూ, పీ అక్షరాలు పెనవేసుకున్న ప్రూఫ్ ముద్ర (పేల్చి పరీక్షించినట్టు కంపెనీ వేసే గుర్తు) రిసీవర్ మీదా బ్యారెల్ మీదా ఉండాలి.

ఉక్కు తుప్పు పట్టకుండా వేసే నీలిపూత రంగు తేడాను మాత్రం ఒంటరి సాక్ష్యంగా నమ్మకూడదు. వేర్వేరు ఉక్కులు వేర్వేరుగా వెలుస్తాయి. చెక్క స్టాక్ లోహం అంచుతో సరిగా కలుస్తోందా, స్క్రూల తలపై గాడులు చెడ్డాయా అన్నవి అంతకంటే నిజాయితీగల ఆధారాలు. జతకాని బ్యారెల్ ఉన్నదాన్ని, తుపాకీ మెకానిక్ హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటాకు, వెనుక మూసే బోల్టు ముఖానికి మధ్య ఉండే ఎడం) కొలిచి సరేననే వరకు పేల్చకూడదు.