పాత ఇంటి కింద నీళ్ల ట్యాంకు బయటపడితే
పర్లాకిమిడిలో మా పాతిల్లు రిపేరు చేయిస్తుంటే వంటింట్లో బండ లేపగానే కింద పెద్ద నీళ్ల ట్యాంకు. మీకూ ఇలా దొరికితే ముందు ఎవర్నీ దిగనివ్వకండి, మేస్త్రి "ఏటవుద్ది బాబూ" అన్నా సరే. ఏళ్లుగా మూసున్న చోట ఆక్సిజన్ తగ్గిపోద్ది, గాల్లో 21 శాతం దాకా ఉండాల్సింది 19.5 కన్నా కిందకి పడిపోతే డేంజరే, పైగా కుళ్లు బురద గ్యాస్ ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలీదు. దీపం దించి చూడ్డాన్ని నమ్మకండి, గ్యాస్ మీటరున్నోళ్లనే పిలవండి. నీళ్లు పైనుంచే మోటారుతో తోడించండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లొస్తాయి, మాది 8×6×5, అంటే దాదాపు 6,800! వద్దనుకుంటే ఇసక పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి, ఊరికే చెత్తతో పూడిస్తే తర్వాత ఫ్లోర్ కుంగుద్ది.