పాలిచ్చే తల్లులూ, గ్యాస్ బిళ్ళ వేసుకునే ముందు ఇవి చూసుకోండి

మే నెల వస్తే నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటింటా కొత్త ఆవకాయ కలుపుతారు. మామిడికాయ వేసిన చేపల పులుసు సరేసరి. పుట్టింట్లో ఉన్న బాలింత పథ్యం వదిలి ఇవన్నీ తిని, ఆలస్యంగా భోంచేసి, బిడ్డకు పాలిచ్చి వెంటనే నడుం వాల్చిందంటే గుండెల్లో మంట, పుల్లటి తేనుపులు మొదలవుతాయి. ఇంట్లో ఒకరు "గ్యాస్ బిళ్ళేగా, వేసుకో" అంటారు. ఇంకొకరు "బిళ్ళ వేసుకుంటే బిడ్డకు పాలివ్వకమ్మా" అంటారు. ఈ రెండు మాటలూ పూర్తిగా నిజం కావు.

పాలు మాన్పించాల్సిన పని సాధారణంగా రాదు. డైజీన్, జెలుసిల్ లాంటివి ఒంటికి పట్టేదే తక్కువ. వాటితో తగ్గకపోతే డాక్టర్లు ఫామోటిడిన్, పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రాస్తారు. ఇవి కూడా పాలలోకి చాలా కొద్దిగానే వెళతాయి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ అయితే కడుపులోని యాసిడ్‌కే పాడైపోతాయి కాబట్టి బిళ్ళకు పూత వేస్తారు. పాలతో వెళ్ళిన కాస్త మందుకు ఆ పూత ఉండదు, బిడ్డ కడుపులో చాలావరకు పనికిరాకుండా పోతుంది. అందుకే తల్లి కూడా ఆ బిళ్ళను నమలకూడదు, పొడి చేసుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే మాత్రం పిల్లల డాక్టర్‌ని అడిగాకే ఏదైనా వేసుకోండి.

నాకు ఎక్కువ భయం "గ్యాస్‌కి ఒకటివ్వండి" అన్నప్పుడు షాపులో చేతికొచ్చే జంట మందులతోనే. పాన్-డి లో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంటుంది. అది కొందరిలో గుండె లయను దెబ్బతీయవచ్చు. పాలు పెరగడానికి దీన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. కొన్నింట్లో లెవోసల్పిరైడ్ ఉంటుంది, పాలిచ్చేటప్పుడు అది వద్దు. ఉత్త మంటకు ఈ రెండో మందు ఎందుకు? నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తే మందు పేరు షాపులోనే ఉండిపోతుంది. కత్తిరించకముందే షీటు వెనక వైపు ఫోటో తీసుకుని, సన్న అక్షరాల్లో ఎన్ని మందుల పేర్లున్నాయో చూడండి. ఇంట్లో పాత రానిటిడిన్ ఉంటే వాడకండి. మన దేశం 2022లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసేసింది.

కాన్పయ్యాక ఆరు నెలలు ఐరన్ బిళ్ళలు వేసుకుంటారు కదా, వాటికీ డైజీన్ లాంటి వాటికీ కనీసం 2 గంటల తేడా ఉండాలి, లేకపోతే ఐరన్ సరిగా ఒంటబట్టదు. థైరాయిడ్ బిళ్ళకైతే 4 గంటలు. ఈనో, వంట సోడా రోజూ తాగొద్దు, బీపీ ఉన్నవాళ్ళు అసలే వద్దు. రాత్రి భోజనం పెందలాడే ముగించండి. బాలింతకు నీళ్ళు తగ్గించాలనే పెద్దలకు, ఈ ఎండల్లో అది మంచిది కాదని నెమ్మదిగా చెప్పండి.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, చెమటలతో ఛాతీ నొప్పి వస్తే బిళ్ళలతో కాలయాపన చేయొద్దు. కాన్పయిన ఆరు వారాల్లోపు పొట్ట పైభాగంలో నొప్పితో పాటు తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే అది బీపీ కావచ్చు. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.