యేగర్ల చరిత్ర ఎక్కడ మొదలుపెట్టి చదవాలి

సోషల్ మాస్టారుగా రిటైరయ్యాక రెండు చలికాలాలు ఫిన్లాండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. 27వ ప్రష్యన్ యేగర్ బెటాలియన్ గురించి అక్కడే తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైపు చేరిన ఫిన్లాండ్ కుర్రాళ్ల దళం అది. యేగర్ అంటే వేటగాడు. చురుగ్గా కదిలే తేలికపాటి పదాతి దళాలను జర్మన్లు ఆ పేరుతో పిలిచేవారు. ఈ చరిత్ర చదవాలనుకుంటే యుద్ధంతో మొదలుపెట్టకండి. వాళ్లు ఇల్లు వదిలిన రోజుతో మొదలుపెట్టండి.

ముందు గోడకు పెద్ద మ్యాప్ తగిలించండి. ఫిన్లాండ్ పడమటి తీరంలోని వాసా నుంచి సముద్రం అవతల స్వీడన్‌లోని ఉమియో దాకా పెన్సిల్‌తో గీత గీయండి. నూరు కిలోమీటర్లకు కాస్త పైనే. చలికాలంలో గడ్డకట్టే ఆ సముద్రం మీదుగా కొందరు వెళ్లారు. మరికొందరు ఉత్తరాన తోర్నియో దగ్గర సరిహద్దు దాటారు. ఫిన్లాండ్ అప్పుడు రష్యా జార్ ఏలుబడిలో ఉంది కాబట్టి దొరికితే రాజద్రోహమే. పట్టుబడ్డవాళ్లు పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్)లోని ష్పలెర్నయా జైలుకు పోయారు. ఒక ఫిబ్రవరిలో నేను వాసా వెళ్లి ఆ మంచు మీద పావుగంట నిలబడ్డాను. తొడుగుల్లోనే వేళ్లు కొయ్యబారాయి. ఆ తర్వాత పుస్తకంలో 'సుమారు 1,900 మంది వెళ్లారు' అని కనిపిస్తే, ఆ అంకె దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోలేకపోయాను.

ఎందుకు వెళ్లారో అర్థం కావాలంటే 1899 నుంచి చదవాలి. ఫిన్లాండ్ స్వపరిపాలనను జార్ కత్తిరించడం మొదలుపెట్టింది ఆ ఏడాదే.

తర్వాత నోటుబుక్‌లో రెండు వరుసలు గీసి, యేగర్లు ఉన్న లాట్వియా చోట్లకు పాత జర్మన్ పేరు ఒకవైపు, ఇప్పటి పేరు ఒకవైపు రాసుకోండి. లిబౌ అంటే లియెపాయా, మితౌ అంటే యెల్గవా, జర్మన్లు 'ఆ' (Aa) అని పిలిచిన నది అంటే లియెలుపె. నేను ఇది చేయక లిబౌ, లియెపాయా వేర్వేరు ఊళ్లనుకుని వారం పోగొట్టుకున్నాను. అప్పటి రష్యా కాగితాల్లో పాత క్యాలెండర్ వల్ల తేదీలు 13 రోజులు వెనక ఉంటాయి, అదీ సరిచూసుకోండి.

మధ్య భాగం త్వరగా సాగుతుంది. 1915 ఫిబ్రవరి 25న హాంబర్గ్‌కు ఉత్తరాన లోక్‌స్టెట్ శిబిరంలో శిక్షణ మొదలైంది. మొదటి బ్యాచ్‌ను బయటికి స్కౌట్ల కోర్సు అని చెప్పారు. నాయకుడు మాక్సిమిలియన్ బాయర్ నిజంగానే జర్మనీలో స్కౌట్ ఉద్యమం ప్రారంభించినవాళ్లలో ఒకడు. 1916లో బెటాలియన్‌గా మారి, లాట్వియాలోని రీగా దగ్గర మిస్సె నది ఒడ్డున రష్యన్లతో తలపడ్డారు.

1918 ఫిబ్రవరి 25న ముఖ్య దళం వాసా రేవులో దిగింది. చాలామంది పుస్తకం అక్కడే మూసేస్తారు. మీరు మాత్రం ఆగకండి. అప్పటికే ఫిన్లాండ్‌లో 'తెల్లవాళ్లు' అనే ప్రభుత్వ పక్షానికీ, 'ఎర్రవాళ్లు' అనే సోషలిస్టు పక్షానికీ అంతర్యుద్ధం జరుగుతోంది. యేగర్లు ఎక్కువ మంది తెల్ల సైన్యంలో చేరి సొంత దేశస్తుల మీదే పోరాడారు. ఆ యుద్ధంలోనూ, దాని తర్వాత ఖైదీల శిబిరాల్లోనూ 36 వేల మందికి పైగా పోయారు. ఎర్రవాళ్ల మీద సానుభూతి ఉందని కొందరు యేగర్లను వెనక్కి తీసుకురాలేదు, వాళ్లు జర్మనీలోనే ఉండిపోయారు. మీ నోటుబుక్‌లో వాళ్లకూ ఒక పేజీ ఉంచండి.