మన శాఖకు వివాదాల మంత్రి వస్తే ఉద్యోగి ఏం చేయాలి

కొత్త మంత్రుల పేర్లు టీవీలో స్క్రోల్ అవుతుండగానే ఆఫీసుల్లో ఫోన్లు మొదలవుతాయి. "మనకు ఎవరొచ్చిండ్రు?" అని ఒకరు, "ఆయనా? ఇగ అయిపోయినట్టే" అని ఇంకొకరు. వచ్చినాయన మీద కేసులున్నా, శాఖతో ఆయనకు వ్యాపార సంబంధాలున్నా, నిన్నటిదాకా అదే శాఖను తిట్టిన మనిషైనా, టెన్షన్ మాత్రం కింద కూర్చున్న మనకే.

నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌గా దేవరకొండలో చేరాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ తిరిగి డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైర్ అయ్యాను. మధ్యలో కొంతకాలం పౌర సరఫరాల శాఖకు డెప్యుటేషన్ మీద వెళ్లాను. గ్రూప్-2లోనో గ్రూప్-4లోనో కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి "సార్, ఆయన కింద ఎట్ల పనిచేయాలె?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, మంత్రిని ఎంచుకోవడంలో మనకు పాత్ర లేదని ఒప్పుకోవాలి. అమెరికాలో అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తే సెనేట్ కమిటీ ఆ మనిషిని పిలిచి అందరి ముందు ప్రశ్నలు వేస్తుంది, ఆ తర్వాత సెనేట్ ఓటు వేస్తుంది. 1989లో రక్షణ మంత్రి పదవికి జాన్ టవర్‌ను సెనేట్ తిరస్కరించింది. 2025 జనవరిలో అదే పదవికి పీట్ హెగ్సెత్‌కు ఓట్లు 50-50 వస్తే ఉపాధ్యక్షుడు వాన్స్ వేసిన ఓటుతో గట్టెక్కారు. మన దగ్గర ఆ మెట్టు లేదు. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రి సలహా ఇస్తారు, గవర్నర్ నియమిస్తారు, అంతే. 2003 నాటి 91వ సవరణ సంఖ్యకు మాత్రం హద్దు పెట్టింది. సభలో 15 శాతం దాటొద్దు కాబట్టి 119 మంది ఉన్న మన తెలంగాణ అసెంబ్లీకి ముఖ్యమంత్రితో కలిపి 18 మంది.

కేసులున్నవాళ్లను మంత్రులుగా తీసుకోవడం గురించి 2014లో మనోజ్ నరూలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చదివి పెట్టుకోండి. తీవ్ర నేరాభియోగాలు ఎదుర్కొంటున్నవాళ్లను తీసుకోకపోవడమే ప్రధాని మీద, ముఖ్యమంత్రి మీద రాజ్యాంగం ఉంచిన నమ్మకానికి తగిన పని అని కోర్టు అన్నది. కానీ నిషేధం పెట్టలేదు, నిర్ణయం వాళ్లకే వదిలింది. ఇది నాకు నచ్చని పరిస్థితి. ఓటరుగా నా కోపం ఓటులో చూపిస్తాను. కుర్చీలో కూర్చున్నప్పుడు ప్రమాణం చేసినాయన మంత్రే.

రెండో పని, వచ్చినాయన గురించి నిజం ఎంతో తెలుసుకోవడం. ఆరోపణ వేరు, ఎఫ్ఐఆర్ వేరు, చార్జిషీట్ వేరు, శిక్ష వేరు. 2013 నాటి లిలీ థామస్ తీర్పు తర్వాత రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం అప్పుడే పోతుంది. కేసు నడుస్తున్నంత మాత్రాన పోదు. నామినేషన్‌తో వేసిన అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. కేసులు, ఆస్తులు, అప్పులు, భార్యాపిల్లల పేరు మీద ఉన్న ఆస్తులు అందులో దొరుకుతాయి. ఆయన కుటుంబానికి ఏ వ్యాపారం ఉందో తెలిస్తే రేపు ఏ ఫైల్ దగ్గర జాగ్రత్తగా ఉండాలో ముందే అర్థమవుతుంది. చదవండి, మనసులో పెట్టుకోండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడాన్నీ రాజకీయాల్లో పాల్గొనడాన్నీ ఒప్పుకోదు. స్టేటస్‌లో పెట్టిన ఒక్క కార్టూన్‌తో చార్జ్ మెమో తెచ్చుకుంటే, రేపు అసలు ఫైల్ మీద మీరు నిజం రాసినా "వాడు మొదటి నుంచీ ఆ పార్టీవాడే" అంటారు. మీ మాటకు విలువ పోయేది అక్కడే.

మొదటి వారం రివ్యూ మీటింగ్ ఉంటుంది. దానికి సెక్షన్‌లో పెండింగ్ ఫైళ్లు, కోర్టు కేసులు, ఆడిట్ అభ్యంతరాలు, విజిలెన్స్‌లో ఉన్న అంశాలు రాసి పై అధికారి ద్వారా పంపండి. ముఖ్యంగా నడుస్తున్న విచారణలు, బకాయిదారుల జాబితా తేదీతో సహా మొదటి నోట్‌లోనే ఎక్కాలి. "ఈ విషయం నాకెవరూ చెప్పలేదు" అనే మాటకు ఆ తర్వాత చోటుండదు.

ఇక అసలు విషయం, ఫోన్ మీద వచ్చే ఆదేశం. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగి మునిగేదీ తేలేదీ దీని దగ్గరే.

నేను పనిచేసిన ఒక చోట యాసంగి వడ్లు కొంటున్నప్పుడు ఇలాంటి ఫోన్ వచ్చింది. ఐకేపీ సెంటర్లలో (మహిళా సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాల్లో) వడ్ల కుప్పలు, గన్నీ సంచులకు కొరత, పైన మబ్బు. మిల్లులకు ధాన్యం కేటాయించే లిస్టు నా దగ్గర. మంత్రిగారి పేషీ నుంచి ఓఎస్డీ (ప్రత్యేక విధుల అధికారి) ఒకాయన ఫోన్ చేసి ఫలానా మిల్లుకు ఇరవై లారీలు రాయమన్నాడు. ఆ మిల్లు కిందటి సీజన్ సీఎంఆర్ బియ్యమే (ప్రభుత్వ వడ్లు ఆడించి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం) పూర్తిగా పెట్టలేదు. క్వింటా వడ్లు తీసుకున్న మిల్లు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. బకాయి ఉన్న మిల్లుకు మళ్లీ వడ్లు పోస్తే ఆ బియ్యం మీద ఆశ వదులుకోవాల్సిందే.

నేను "కుదరదు" అనలేదు, "సరే" కూడా అనలేదు. "మీ పేరు, హోదా చెప్పండి సార్, ఫైల్‌లో పెట్టి పైకి పంపిస్తాను" అన్నాను. పెట్టేసి అప్పుడే నోట్ రాశాను. దాదాపు ఇట్లా:

"ఈ రోజు ఉదయం 11.20 గంటలకు గౌరవ మంత్రివర్యుల పేషీ నుండి ఓఎస్డీగారు ఫోన్ ద్వారా సదరు మిల్లుకు 20 లారీల ధాన్యం కేటాయించవలసిందిగా తెలియజేసినారు. సదరు మిల్లు గత సీజన్‌కు సంబంధించి సీఎంఆర్ బకాయి ఉన్నది. బకాయి వివరములు కరెంట్ ఫైల్‌లో జతపరచడమైనది. ప్రస్తుత మార్గదర్శకముల ప్రకారం బకాయి ఉన్న మిల్లు కేటాయింపునకు అర్హత కలిగి లేదు. తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

ఇందులో "ఒత్తిడి చేశారు" అని లేదు. "అక్రమం" అనే మాట లేదు. ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారు, నియమం ఏం చెబుతోంది, ఇప్పుడు ఎవరు తేల్చాలి. నోట్‌లో కోపం కనపడితే రేపు ఎంక్వైరీలో లాయర్ పట్టుకునేది ఆ కోపాన్నే.

సాయంత్రం మళ్లీ ఫోన్. నోట్ వెనక్కి తీసుకోమని. ఫైల్ అప్పటికే జాయింట్ కలెక్టర్ దగ్గరికి పోయింది, అదే చెప్పాను. నాలుగు రోజులకు పైనుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. బ్యాంక్ గ్యారంటీ తీసుకుని కొంత ధాన్యం ఇవ్వమని. ఇచ్చాను. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు, కానీ దానికి సంతకం ఉంది, కారణం రాసి ఉంది, నిర్ణయించే అధికారం ఉన్నవాళ్లే నిర్ణయించారు. తర్వాత విజిలెన్స్ వాళ్లు వచ్చినప్పుడు నన్ను అడిగింది ఆ నోట్ పేజీ నంబరే.

మాట మీద నడవొద్దని సుప్రీంకోర్టే చెప్పింది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు రిటైర్డ్ అధికారులు వేసిన కేసులో 2013 అక్టోబర్ 31న తీర్పు వచ్చింది. సివిల్ సర్వెంట్లు మౌఖిక ఆదేశాల మీద పనిచేయకూడదు, వాటిని రికార్డు చేయాలి అని. ఐఏఎస్, ఐపీఎస్‌లకు వర్తించే 1968 నాటి నియమాల్లో ఇంకా స్పష్టంగా ఉంది: మాటతో ఆదేశం ఇచ్చిన పై అధికారి దాన్ని వెంటనే రాతలో ధ్రువీకరించాలి, తీసుకున్న అధికారి ఆ రాత అడగాలి. మీ పై అధికారి భయపడుతుంటే ఈ తీర్పు పేరు నోట్‌లో ఒక లైన్ రాయండి, ఆయనకూ ధైర్యం వస్తుంది.

ఫైళ్లు కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్‌లో ఒక జాగ్రత్త. ఎల్లో నోట్ చిత్తుప్రతి లాంటిది, మార్చొచ్చు, తీసేయొచ్చు. గ్రీన్ నోట్‌గా పైకి పోయాక ఎవరూ చెరపలేరు. "ముందు ఎల్లోలో పెట్టు, చూద్దాం" అని ఎవరన్నా అంటే ఆ రోజు సాయంత్రంలోగా గ్రీన్ చేయండి.

కింద ఉన్నవాడిని ఎవరూ పట్టించుకోరులే అనుకునేవాళ్లు ఓబుళాపురం గనుల కేసు చూడండి. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు తీర్పులో అప్పటి గనుల శాఖ మంత్రి నిర్దోషిగా బయటికి వచ్చారు. అప్పటి గనుల శాఖ డైరెక్టర్‌కు జైలు శిక్ష పడింది. తీర్పు మీద అప్పీలు హైకోర్టుకు వెళ్లింది, అక్కడ ఏమవుతుందన్నది వేరే సంగతి. సంతకం ఎవరిదో కోర్టు ముందు చూసేది అదేనని మాత్రం ప్రతి ఉద్యోగీ గుర్తుపెట్టుకోవాలి.

మంత్రి పేరు చెప్పి వచ్చేవాళ్లతో ఇంకో చిక్కు. బావమరిది, పాత అనుచరుడు, "సారు మనిషిని" అని చెప్పుకునే కాంట్రాక్టర్. వీళ్లెవరికీ మీ ఆఫీసులో హోదా లేదు. కుర్చీ వేయండి, మంచినీళ్లు ఇవ్వండి, దరఖాస్తు ఉంటే ఇన్‌వార్డ్‌లో నంబర్ వేయించండి. లబ్ధిదారుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలున్న లిస్టు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వొద్దు. కావాలంటే పేషీ నుంచి అధికారిక మెయిల్ రానివ్వండి.

ఇప్పుడు రెండో వైపు. మంత్రి మీద కోపంతో ఫైల్ తొక్కిపెట్టడం నేను అస్సలు ఒప్పుకోను. ఆయన చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశం మీకు నచ్చకపోయినా చకచకా చేయాలి. టూర్ ప్రోగ్రాం మారింది, ప్రాధాన్యం వేరే మండలానికి ఇచ్చారు, పాత పథకం పేరు మార్చారు. ఇవన్నీ ఆయన హక్కు. మనం ఆలస్యం చేస్తే ఆయనకేం కాదు. సెంటర్‌లో వడ్లు తడిసేది నాంపల్లి మండలం రైతువి, పింఛన్ ఆగేది కొల్లాపూర్ అవ్వది.

ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కులే తీసుకోండి. మంత్రిగారి చేతుల మీదుగా పంచాలని డేట్ కోసం బీరువాలో పెట్టి ఉంచుతారు. చెక్కుకు గడువు మూడు నెలలే. ఆడపిల్ల తల్లి అప్పు తెచ్చి పెళ్లి చేసి ఆఫీసు చుట్టూ తిరుగుతుంటుంది. ఇక్కడ మీరు చేయగలిగింది ఉంది. ఏ చెక్కు ఏ తేదీది, ఎప్పుడు గడువు ముగుస్తుంది అని పట్టిక వేసి, "గడువు దృష్ట్యా ఫలానా తేదీలోగా పంపిణీకి అనుమతి కోరడమైనది" అని పైకి పెట్టండి. పదిహేను రోజులకు ఒక రిమైండర్ పంపండి. కార్యక్రమం ఆయనదే కావచ్చు, పైసలు మాత్రం ఆ తల్లివి.

బదిలీ భయం అందరికీ ఉంటుంది. నోట్ రాసినందుకు గద్వాల నుంచి ఎక్కడికో పంపొచ్చు, పిల్లల బడి మారొచ్చు. అది చిన్న విషయం అని నేను చెప్పను. కానీ బదిలీ చేయగలరే తప్ప ఉద్యోగం ఊరికే తీయలేరు. 311వ అధికరణం ప్రకారం అభియోగాలు చెప్పి, మీ మాట విని, విచారణ జరిపితేనే తొలగింపైనా హోదా తగ్గింపైనా. సస్పెండ్ చేసినా మొదట సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది. ఈ విషయం ఇంట్లో భార్యకో భర్తకో ముందే చెప్పి పెట్టండి. ఇంట్లో తెలిసి ఉంటే ఆఫీసులో చెయ్యి వణకదు.

ఒంటరిగా ప్రెస్ దగ్గరికి పోవొద్దు, లీకులు ఇవ్వొద్దు. ఒకే రకం ఫోన్లు నలుగురైదుగురికి వస్తుంటే ఉద్యోగుల సంఘం టీఎన్జీవో జిల్లా నాయకులతో మాట్లాడి అందరి తరఫున కలెక్టర్‌కు వినతిపత్రం ఇప్పించండి. ఎవరన్నా డబ్బులే అడిగితే అది నోట్ రాసే విషయం కాదు, ఏసీబీ 1064కు చేయాల్సిన ఫోన్.

చివరగా రికార్డు సంగతి. ఫైళ్ల జిరాక్సులు ఇంటికి తీసుకుపోవద్దు, అదే మీ మీద నేరం అవుతుంది. ఒక డైరీలో ఫైల్ నంబర్, నోట్ పేజీ, తేదీ రాసుకోండి చాలు. సమాచార హక్కు చట్టం కింద నోట్ ఫైల్ కూడా రికార్డే. రిటైర్ అయ్యాక నోటీసు వచ్చినా ఆ నంబర్‌తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1980 నాటి పింఛను నియమాల్లో 9వ నియమం ప్రకారం రిటైర్ అయినవాళ్ల మీద కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలంటే ఆ సంఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదు. కాబట్టి ఆ డైరీని ఉద్యోగం అయిపోయాక కూడా కనీసం నాలుగేళ్లు పారేయకండి. కోర్టు కేసులకు ఆ గడువు వర్తించదు కనుక, సీబీఐ, ఏసీబీ చూసే ఫైళ్లేవైనా మీ చేతిమీదుగా పోయి ఉంటే ఇంకా ఎక్కువ కాలమే దాచండి.