ఆస్ట్రేలియా విన్న వరుసలో అబ్బాను వినడం ఎలా

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి అక్కడి పెళ్లి విందుల్లోనో, డిసెంబరులో జరిగే ఆఫీసు పార్టీల్లోనో ఒక అనుభవం ఎదురై ఉంటుంది. స్వీడన్‌కు చెందిన అబ్బా బృందం పాట మొదలు కాగానే అరవై ఏళ్లవారూ ఇరవై ఏళ్లవారూ కలిసి లేచి ఆడతారు, పాడతారు. మన పెళ్లిళ్లలో పాత సినిమా పాటకు మూడు తరాలవారూ గొంతు కలిపినట్టే ఉంటుంది ఆ సందడి. ఈ అభిమానం మూలాలు తెలుసుకోదలచినవారు సాధారణంగా ఏదో ఒక సంకలనం తీసుకుని మొదటి పాట నుంచి వినడం ప్రారంభిస్తారు. అలా వింటే బృందం పరిచయమవుతుంది గానీ ఆస్ట్రేలియా పరిచయం కాదు. ఆ దేశం ఈ పాటలను ఏ వరుసలో, ఏ సాధనం ద్వారా అందుకున్నదో అదే దారిన వెళ్లడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

కాబట్టి 1974 ఏప్రిల్‌లో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ గెలిచిన 'వాటర్లూ' పాటను ప్రస్తుతానికి పక్కన పెట్టి, 1975 నాటి టెలివిజన్ దగ్గర మొదలుపెట్టండి. ఆ ఏడాది మార్చి 1న ఆస్ట్రేలియాలో రంగుల ప్రసారాలు పూర్తిస్థాయిలో మొదలయ్యాయి. ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ ఆదివారం సాయంత్రాల్లో 'కౌంట్‌డౌన్' అనే పాటల కార్యక్రమాన్ని ప్రసారం చేసేది. నగరాల్లోని ప్రైవేటు రేడియో కేంద్రాలు అందని చిన్న ఊళ్లకు కూడా అది చేరేది, ఇంటిల్లిపాదీ కలిసి చూసేవారు. అంత దూరం పదేపదే ప్రయాణించడం సాధ్యం కాని అబ్బా బృందం తమ పాటలకు చిన్న చిత్రాలు తీయించి పంపింది. వాటిని తీసినవారు తరువాత సినీ దర్శకుడిగా ప్రపంచ ప్రసిద్ధి పొందిన లాసె హాల్‌స్ట్రోమ్. ఆ చిత్రాల్లో 'మమ్మా మియా'ను ముందుగా చూడండి, తప్పనిసరిగా తెర మీదే చూడండి. ఒక గాయని ముఖం మన వైపు, మరొక గాయని ముఖం పక్కకు తిరిగి ఉండేలా కూర్చిన దగ్గరి దృశ్యాలను గమనిస్తే, కొత్తగా రంగుల టీవీ కొన్న ఇంట్లో పిల్లలు ఎందుకు కదలకుండా కూర్చుండిపోయారో అర్థమవుతుంది.

ఈ పాటను సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, విడుదల చేసే ఆలోచన మొదట లేదు. టెలివిజన్‌లో చూసినవారు అడిగి అడిగి విడుదల చేయించుకున్నారు. అది ఆస్ట్రేలియా అమ్మకాల జాబితాలో 10 వారాలు అగ్రస్థానంలో నిలిచి దిగిన తరువాతే, 1976 జనవరి చివరలో, బ్రిటన్‌లో ఆ స్థానానికి చేరింది. ఆస్ట్రేలియన్లు అబ్బాను తమ సొంతంగా భావించడానికి ఇదే అసలు కారణమని నేను నమ్ముతాను. మరెవరో మెచ్చి పంపితే స్వీకరించడం కాదు, తాము ముందే ఎంచుకున్నారు. ఆ తరువాత 'ఫెర్నాండో' వినండి. 1976లో అది ఏకంగా 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. 'డాన్సింగ్ క్వీన్' దాని తరువాతే రావాలి.

మూడో మెట్టు 1977 మార్చి పర్యటన. సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ నగరాల్లో బృందం 11 కచేరీలు చేసింది. ఆ ప్రయాణం చుట్టూ హాల్‌స్ట్రోమ్ తీసిన 'అబ్బా: ది మూవీ' అదే ఏడాది డిసెంబరులో విడుదలైంది. ఇంటర్వ్యూ కోసం బృందం వెంట పరుగులు తీసే రేడియో విలేకరి కథ అందులో కల్పితం, అది పలుచనిది కూడా. మీరు కథను వదిలి జనాన్ని చూడండి. సిడ్నీ షోగ్రౌండ్‌లో కురిసిన వానలో కదలకుండా నిలబడినవారిలో యువతీయువకులతో పాటు చిన్న పిల్లలు, వారిని తీసుకువచ్చిన తల్లిదండ్రులు కనిపిస్తారు. తోటి విదేశీ బృందాల కచేరీ దృశ్యాలతో పోల్చి చూసుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

తరువాతి దశను చాలామంది దాటవేస్తారు, మీరు దాటవేయవద్దు. పర్యటన ముగిశాక ఆ జ్వరం త్వరగానే తగ్గింది. 1980ల్లో అబ్బా అంటే ఇష్టమని బహిరంగంగా చెప్పుకోవడానికి చాలామంది మొహమాటపడ్డారు. 1988లో మెల్‌బోర్న్‌లో 'బ్యోర్న్ అగైన్' అనే బృందం పుట్టి, అబ్బా వేషధారణతో అవే పాటలు పాడుతూ దేశదేశాలు తిరిగింది. 1992లో 'అబ్బా గోల్డ్' సంకలనం వచ్చింది. 1994లో రెండు ఆస్ట్రేలియన్ చిత్రాలు, 'మ్యూరియల్స్ వెడ్డింగ్', 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్', ఆ ఇష్టాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చాయి. మొదటి చిత్రంలో చిన్న ఊరిలో అవమానాలు పడే యువతి అబ్బా పాటల్లో తలదాచుకుంటుంది. రెండోది స్త్రీ వేషంలో ప్రదర్శనలిచ్చే కళాకారుల ఎడారి ప్రయాణం. వెలివేసినట్టు బతికినవారు ఈ పాటలను మొహమాటపు రోజుల్లో కూడా విడిచిపెట్టలేదన్న సంగతి ఈ రెండింటిలో కనిపిస్తుంది. ప్రేమ నిలిచినది వారి వల్లనే అని నేను గట్టిగా చెబుతాను.

ఇంత విన్నాక మనుషులతో మాట్లాడండి. 1976లో ఎనిమిది, పదేళ్ల వయసున్న పిల్లలు ఇప్పుడు అరవై దరిదాపుల్లో ఉన్నారు. సహోద్యోగినో, ఇరుగుపొరుగువారినో "మీకు అబ్బా ఇష్టమా" అని అడిగితే ఒక్క మాటతో ముగుస్తుంది. బడి ఆవరణలో అబ్బా ఆట ఆడుకునేటప్పుడు బృందంలోని గాయనులు ఆగ్నెతా పాత్ర ఎవరిది, ఫ్రీడా పాత్ర ఎవరిది అని అడగండి. బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన బొమ్మల కార్డులు దాచుకున్నారా అని అడగండి. జవాబు చాలాసేపు సాగుతుంది.

వీలు చిక్కితే న్యూ సౌత్ వేల్స్ లోపలి భాగంలోని ట్రండిల్ అనే చిన్న ఊరికి వెళ్లవచ్చు. 2012లో అక్కడ అబ్బా ఉత్సవం ప్రారంభమైంది. సిడ్నీ నుంచి 400 కిలోమీటర్లకు పైగా దూరం కనుక సొంత వాహనం ఉండటం మేలు. కొన్ని వందల జనాభా ఉన్న ఊరు కాబట్టి బస దొరకడం కష్టం. పార్క్స్ లేదా ఫోర్బ్స్ పట్టణంలో ముందుగానే గది తీసుకోవాలి, లేదా గుడారం వెంట తీసుకువెళ్లాలి. ఉత్సవపు తేదీ గతంలో మారింది గనుక టికెట్ కొనే ముందు ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. మెరిసే దుస్తులు, వెడల్పు పాంట్లు వేసుకోవడానికి సంకోచించకండి, అక్కడ అందరూ వాటిలోనే ఉంటారు. రోజంతా నిలబడి ఆడవలసి ఉంటుంది గనుక ఎత్తు మడమల బూట్లతో పాటు మామూలు చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకోండి.